చూలింతలు, బాలింతల్లో రక్తం గడ్డకట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పు అనగానే మన ఇళ్ళలో భయపడేది రక్తస్రావానికి, బీపీకి, ఫిట్స్‌కి. ఆ భయాలు సరైనవే. కానీ కాలి రక్తనాళంలో కట్టిన చిన్న గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరి, అప్పటిదాకా బాగున్న బాలింత ప్రాణాన్ని నిమిషాల్లో తీయగలదని చాలామందికి ఎవరూ చెప్పరు. అనంతపురంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చూలింతలు, వాళ్ళ అమ్మలు, అత్తలు, భర్తలు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. మందు మోతాదు మాత్రం రాయలేదు. అది మనిషి బరువును, కిడ్నీల పనితీరును బట్టి డాక్టరే నిర్ణయించాలి.

అసలు ఏమిటీ జబ్బు?

శరీరం లోపల లోతుగా ఉండే సిరలో రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఎక్కువగా పిక్కలో, తొడలో, పొత్తికడుపు భాగంలో ఇలా జరుగుతుంది. డాక్టర్లు దీన్ని డీవీటీ అంటారు. ఆ గడ్డలోంచి ముక్క తెగి, గుండె గుండా వెళ్ళి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటే పల్మనరీ ఎంబాలిజం. ప్రాణం తీసేది ఎక్కువగా ఇదే. ఇంకో రకంలో, మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తెచ్చే సిరల్లో గడ్డ కడుతుంది. మన దేశంలో బాలింతలకు వచ్చే పక్షవాతానికి ఇది ముఖ్యమైన కారణం.

కాన్పయ్యాక కింది నుంచి గడ్డలు పడుతున్నాయి. మీరు చెప్పేది ఇదేనా?

కాదు. అది గర్భసంచిలోంచి వచ్చే రక్తం. మొదటి రోజుల్లో చిన్న చిన్న గడ్డలు పడటం మామూలే. కానీ గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, నిమ్మకాయ కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా అది రక్తస్రావం. అప్పుడు కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కారణం మాత్రం వేరు.

గర్భంతో ఉన్నప్పుడే ఎందుకు వస్తుంది?

కాన్పులో తల్లి రక్తం ఎక్కువగా పోకుండా శరీరం ముందు నుంచే సిద్ధమవుతుంది. గడ్డకట్టించే పదార్థాలు రక్తంలో పెరుగుతాయి, గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. ఇది తల్లిని కాపాడే ఏర్పాటే. దానితోపాటు హార్మోన్ల వల్ల సిరల గోడలు వదులై రక్తం నెమ్మదిగా కదులుతుంది. పెరిగే గర్భసంచి పొత్తికడుపులోని పెద్ద సిరల మీద ఒత్తుతుంది. ఇక కాన్పులోనో ఆపరేషన్‌లోనో ఆ సిరలు కొంత దెబ్బతింటాయి. రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం, అది నెమ్మదించడం, నాళం దెబ్బతినడం, ఈ మూడూ ఒకేసారి కలిసే సందర్భాలు ఆడవాళ్ళ జీవితంలో కాన్పు సమయం లాంటివి తక్కువ.

గర్భిణుల్లో పదింటికి ఎనిమిది సార్లు గడ్డ ఎడమ కాల్లోనే కడుతుంది. కుడి కాలికి రక్తం తీసుకెళ్ళే ధమని, ఎడమ కాలి నుంచి వచ్చే సిర మీదుగా దాటుతుంది. ఆ చోట సిర నలుగుతుంది, గర్భసంచి బరువు దాన్ని ఇంకాస్త నొక్కుతుంది. అందుకే నొప్పి పిక్కలోనే ఉండాలని లేదు. గజ్జలో, పిరుదులో, నడుము కింద కూడా మొదలవ్వచ్చు. అలాంటప్పుడు నెలలు నిండుతున్నాయి కదా, నడుము నొప్పి మామూలే అనుకుని వదిలేస్తారు. కాలు మొత్తం ఉబ్బిందేమో ఒకసారి చూడండి.

ఎంతమందికి వస్తుంది?

పాశ్చాత్య దేశాల లెక్కల్లో 1000 గర్భాలకు ఒకరిద్దరికి. అదే వయసులో గర్భం లేని ఆడవాళ్ళతో పోలిస్తే నాలుగైదు రెట్లు ఎక్కువ. కాబట్టి గర్భం దాల్చిన ప్రతి ఒక్కరూ టెన్షన్ పడాల్సిన పని లేదు. లక్షణాలు తెలిసి ఉంటే చాలు.

ఏ నెలలో జాగ్రత్తగా ఉండాలి?

మొదటి నెలల నుంచే ప్రమాదం ఉంటుంది, ఏడో నెల తర్వాత మొదలయ్యేది కాదు. అయితే అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం కాన్పు తర్వాతే. మొదటి మూడు వారాలు మరీ ఎక్కువ, ఆరు వారాల దాకా గట్టిగా ఉంటుంది, ఆ తర్వాత తగ్గుతూ పన్నెండు వారాలకు దాదాపు మామూలుకు వస్తుంది.

అంటే ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి, 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి చేరి, పుట్టింట్లో తలుపులు వేసుకుని పథ్యం తింటున్న రోజులే అత్యంత ప్రమాదకరమైనవి. డాక్టరు ఎదురుగా ఉండరు, అందరూ బిడ్డను చూడటానికి వస్తుంటారు. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చేది ప్రధానంగా బిడ్డ కోసమే. ఆమె వచ్చినప్పుడు తల్లి కాళ్ళు కూడా చూపించండి, తలనొప్పి, ఆయాసం ఉంటే చెప్పండి. 42 రోజులంటే సరిగ్గా ఆరు వారాలు.

మా అమ్మాయికి రక్తమే తక్కువ, హిమోగ్లోబిన్ 8 అన్నారు. రక్తం లేని మనిషికి గడ్డ ఎలా కడుతుంది?

మన వైపు ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. హిమోగ్లోబిన్ వేరు, గడ్డకట్టించే పదార్థాలు వేరు. రక్తహీనత ఉన్నంత మాత్రాన గడ్డ కట్టదనే భరోసా ఏమీ లేదు. పైగా ఐరన్ లోపం వల్ల వచ్చే రక్తహీనత ఉన్నవాళ్ళకు మెదడు సిరల్లో గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఐరన్ మాత్రలు వేసుకుంటే రక్తం చిక్కబడి గడ్డ కడుతుందన్న మాట కూడా తప్పు. డాక్టరు ఇచ్చినన్ని రోజులు వేసుకోండి.

ఎవరికి ఎక్కువ ప్రమాదం?

ఇంతకుముందు ఒకసారి గడ్డ కట్టినవాళ్ళు అందరికంటే ముందు వరసలో ఉంటారు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే జబ్బు), గుండె జబ్బు, కిడ్నీ నుంచి ప్రొటీన్ పోయే జబ్బు ఉన్నవాళ్ళు, పదేపదే గర్భస్రావాలై యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (రక్తం తేలిగ్గా గడ్డకట్టే జబ్బు) అని తేలినవాళ్ళు ఆ తర్వాత. 35 దాటిన వయసు, అధిక బరువు, కవలలు, ఐవీఎఫ్ ద్వారా వచ్చిన గర్భం, మూడు లేదా అంతకంటే ఎక్కువ కాన్పులు, కాళ్ళ మీద నరాలు బాగా ఉబ్బడం, పొగతాగడం, ఇవి ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా ప్రమాదాన్ని పెంచుతాయి. మూడో నెలలో నీళ్ళు కూడా నిలవకుండా వాంతులై సెలైన్ పెట్టించుకునేవాళ్ళు కూడా ఇందులోకి వస్తారు.

కాన్పు దగ్గరికొస్తే బీపీ పెరగడం, రక్తస్రావమై రక్తం ఎక్కించడం, పురిటి జ్వరం, సిజేరియన్ చూసుకోవాలి. సిజేరియన్‌లో మామూలు కాన్పు కంటే ప్రమాదం కొన్ని రెట్లు ఎక్కువ. నొప్పులు పడి పడి చివరికి ఆపరేషన్‌కు తీసుకెళ్తే ఇంకా ఎక్కువ. బ్రిటన్ ప్రసూతి వైద్యుల మార్గదర్శకాలు అలాంటివాళ్ళకు కాన్పు తర్వాత 10 రోజులు గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చే విషయం పరిశీలించాలని చెబుతాయి. సిజేరియన్ అయిన ప్రతి కుటుంబమూ డిశ్చార్జ్ రోజున ఈ ఒక్క మాట అడగాలని నా కోరిక: "మేడం, గడ్డకట్టకుండా సూదులు ఈమెకు అవసరమా?" అవసరం లేదంటే మంచిదే.

మా ఇంట్లో ఎవరికో ఉండేదట. చెప్పాలా?

తప్పకుండా చెప్పండి. తల్లికి గానీ తోబుట్టువుకు గానీ చిన్న వయసులో కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టి ఉంటే అది మీ గర్భానికి సంబంధించిన సమాచారమే. మేనరికం చేసుకున్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మీ అత్తగారు మేనత్తో అమ్మమ్మో అయితే ఆవిడ కూడా మీ రక్తసంబంధీకురాలే. ఆవిడకు వచ్చినా చెప్పండి. "పురిట్లో చలి కమ్మి పోయింది" అని పెద్దలు చెప్పుకునే మరణాలు ఇంట్లో ఉంటే వాటినీ చెప్పండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు ఉచితంగా చేసే పరీక్షలప్పుడు ఇదంతా చెప్పి, మీ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద రాయించుకోండి.

నెలలు నిండాక అందరి కాళ్ళూ వాస్తాయి కదా. ఏది మామూలు వాపు?

రెండు కాళ్ళూ ఒకేలా వాచి, సాయంత్రానికి పెరిగి, పడుకుని లేస్తే తగ్గితే అది చాలావరకు మామూలు నీరు. ముఖం, చేతులు కూడా ఉబ్బితే బీపీ చూపించుకోవాలి. ఒక్క కాలే వాచి, ముఖ్యంగా ఎడమ కాలు, పొద్దున లేచినా తగ్గకుండా, నొప్పిగా, తాకితే వేడిగా, రంగు మారి ఉంటే గడ్డ అయి ఉండొచ్చు. టైలరు టేపుతో రెండు పిక్కల చుట్టుకొలత ఒకే ఎత్తులో కొలిచి చూడండి. 2 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానం బలపడుతుంది. తేడా లేకపోయినా నొప్పి, వాపు ఉంటే చూపించుకోవాల్సిందే. టేపు డాక్టరు కాదు.

పిక్క పట్టేసిందని నూనె రాసి మర్దన చేయవచ్చా?

రాత్రిపూట పిక్క గట్టిగా పట్టి కొద్ది నిమిషాల్లో వదిలితే అది కండరం పట్టడమే. కానీ రోజంతా ఉండే నొప్పికి, వాచిన ఒంటి కాలికి మర్దన వద్దు. లోపల గడ్డ ఉంటే కదిలే ప్రమాదముంది. నరం తొలిగిందని బిగుతుగా కట్టు కట్టించడం, వేడి ఇటుకతో కాపడం పెట్టడం కూడా వద్దు. ముందు స్కాన్ చేయించండి.

బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు, కుట్లకు చీము పడుతుంది, పొట్ట జారుతుంది అంటారు. నిజమేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవమని చెబుతాను.

తాగిన నీళ్ళు కుట్లలోకి పోవు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, శుభ్రత లేకపోవడం వల్ల. పొట్ట వదులుగా ఉండేది తొమ్మిది నెలలు సాగిన కండరాల వల్ల. నీళ్ళు తగ్గిస్తే జరిగేది ఒకటే: ఒంట్లో నీరు తగ్గి రక్తం చిక్కబడుతుంది. అసలే గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉన్న రోజులవి, ఆపై కాన్పులో కొంత రక్తం పోయి ఉంటుంది, బిడ్డకు పాల రూపంలో రోజూ నీరు పోతూ ఉంటుంది. దానికి తోడు అనంతపురం, కడప, కర్నూలు ఎండాకాలం, 40 డిగ్రీలు దాటే రోజులు. కిటికీలు మూసిన గది, తలకు గుడ్డ, చెవుల్లో దూది, మంచం కింద కుంపటి. ఆ గదిలో దాహంతో పడుకున్న ఇరవై ఏళ్ళ పిల్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. బాలింతల మెదడు సిరల్లో గడ్డకట్టడానికి ఈ నీళ్ళ కట్టడి కూడా ఒక కారణమని మన దేశ వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు.

అమ్మమ్మలు ప్రేమతోనే చేస్తారు, అందులో నాకు అనుమానం లేదు. పథ్యంలో మంచివి చాలా ఉన్నాయి. వెల్లుల్లి కారం, మిరియాల చారు, శొంఠి పొడి అన్నం పెట్టండి, ఎవరూ కాదనరు. నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తామంటే అలాగే ఇవ్వండి, గోరువెచ్చగా ఇస్తామన్నా సరే. కానీ అడిగినన్ని ఇవ్వండి, అడగకపోయినా పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు ఇవ్వండి. రాగి జావ, పాలు, మజ్జిగ, చారు అన్నీ లెక్కలోకే వస్తాయి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టు, చిక్కటి పసుపైతే చాలనట్టు. గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు తగ్గించమని డాక్టరే చెప్పినవాళ్ళకు మాత్రం ఇది వర్తించదు.

కుంపటి గురించి ఒక్క మాట. మూసిన గదిలో బొగ్గులు కాలితే వాసన లేని విషవాయువు పుడుతుంది. తల్లికీ బిడ్డకీ అది ప్రమాదం. వద్దు.

పురిటి స్నానం దాకా మంచం దిగకూడదా?

దిగాలి. మామూలు కాన్పయితే ఓపిక రాగానే, సిజేరియన్ అయితే అదే రోజో మర్నాడో నర్సు చెప్పగానే లేచి నాలుగడుగులు వేయాలి. నొప్పి ఎక్కువగా ఉంటే నొప్పి మాత్ర అడిగి వేసుకుని నడవండి, నొప్పి ఉందని పడుకోవద్దు. ఇంటికొచ్చాక పూటకు కొన్నిసార్లు ఇంట్లోనే నడిస్తే చాలు, బరువులు ఎత్తమని ఎవరూ అనడం లేదు. పడుకున్నప్పుడు పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉంటే పిక్క కండరం సిరను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది.

గర్భంలో బెడ్ రెస్ట్ చెప్పారు. అప్పుడెలా?

ఎంత రెస్ట్ అని అడగండి. మంచం అసలు దిగొద్దన్నారా, బరువు పని మానమన్నారా? చాలాసార్లు రెండోదే అయి ఉంటుంది. నిజంగా మంచం మీదే ఉండాల్సి వస్తే గడ్డకట్టకుండా మేజోళ్ళో ఇంజెక్షనో కావాలా అని కూడా అడగండి.

తలనొప్పి వస్తోంది. చలి సోకిందంటున్నారు.

బాలింతకు తలనొప్పి రావడానికి నిద్రలేమి నుంచి మొదలుపెట్టి చాలా కారణాలు ఉన్నాయి. వెన్నుకు మత్తు ఇచ్చినవాళ్ళకు మొదటి రోజుల్లో వచ్చే తలనొప్పి కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. బీపీ పెరిగినా తలనొప్పి వస్తుంది, కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఆ ప్రమాదం ఉంది. మెదడు సిరలో గడ్డ కట్టినప్పుడు తలనొప్పి రోజురోజుకీ పెరుగుతుంది, తరచుగా పడుకున్నా, దగ్గినా, ముక్కినా ఎక్కువవుతుంది, మాత్ర వేసినా లొంగదు. వాంతులు, చూపు మసకబారడం, ఒక చేయో కాలో బలం తప్పడం, మాట తడబడటం, ఫిట్స్ వస్తే ఇక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఫిట్స్ వచ్చిన బాలింతకు గాలి సోకిందని తాయత్తు కట్టించి, మర్నాడు ఆసుపత్రికి తెచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మొక్కు మొక్కుకోండి, కానీ ముందు అంబులెన్స్ ఎక్కించండి. ఆసుపత్రిలో బాలింత అని, కాన్పై ఎన్ని రోజులైందో తప్పకుండా చెప్పండి. ఈ గడ్డ మామూలు సీటీ స్కాన్‌లో కనిపించకపోవచ్చు, సిరలను చూపించే ఎంఆర్ఐ అవసరమవుతుంది. త్వరగా పట్టుకుని మందు మొదలుపెడితే ఎక్కువమంది కోలుకుంటారు.

108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీలిస్తే గుచ్చినట్టు ఛాతీ నొప్పి, దగ్గితే రక్తం, గుండె దడ, స్పృహ తప్పడం, ఫిట్స్. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని చూద్దాం అనుకోవద్దు. ఒంటి కాలి వాపయితే అదే రోజు ఆసుపత్రికి చేరాలి. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి. నెలలు నిండినవాళ్ళు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో డాప్లర్ స్కాన్ (సిరల్లో గడ్డను చూపించే స్కాన్) చేస్తారో ముందే కనుక్కుని ఉంచుకుంటే రాత్రివేళ వెతుకులాట తప్పుతుంది.

ఏ పరీక్షలు చేస్తారు? కడుపులో బిడ్డకు రేడియేషన్ తగలదా?

కాలికి డాప్లర్ స్కాన్. అది శబ్దతరంగాలతో చేసేది, రేడియేషన్ ఉండదు. ఊపిరితిత్తుల్లో అనుమానమైతే ఎక్స్‌రే, సీటీ యాంజియో (రక్తనాళాలను చూపించే సీటీ స్కాన్) లాంటివి అవసరం కావచ్చు. వాటిలో బిడ్డకు తగిలే రేడియేషన్ చాలా తక్కువ, గడ్డను పట్టుకోకపోతే తల్లికి జరిగే నష్టం చాలా పెద్దది. డాక్టరు అవసరమంటే చేయించుకోండి. డీ-డైమర్ అనే రక్తపరీక్ష గర్భంలో మామూలుగానే పెరిగి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి గడ్డ ఉందని తేల్చలేరు.

కడుపు మీద సూది వేస్తారట. బిడ్డకు గుచ్చుకోదా?

గుచ్చుకోదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ లాంటి హెపారిన్ ఇంజెక్షన్ చర్మం కింద కొవ్వులోకే వెళ్తుంది, సూది చాలా చిన్నది. మందు కూడా మాయను దాటి బిడ్డకు చేరదు, అందుకే గర్భంలో దీన్నే ఎంచుకుంటారు. చోటు మార్చి మార్చి వేయాలి, వేశాక రుద్దకూడదు. అక్కడక్కడా నీలిరంగు మచ్చలు పడితే కంగారు పడొద్దు. మన ఎండలకు మందు పాడవకుండా పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రతలోనే ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం గడ్డకట్టించకండి.

గడ్డ ఉందని తేలితే కాన్పు దాకా, కాన్పయ్యాక కనీసం ఆరు వారాలు, మొత్తం మీద మూడు నెలలకు తగ్గకుండా వాడాలి. వాపు తగ్గిందని మధ్యలో ఆపవద్దు. నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే తర్వాతి సూది వేసుకోకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. వెన్నుకు మత్తు ఇవ్వాలంటే నివారణ మోతాదు తర్వాత 12 గంటలు, చికిత్స మోతాదు తర్వాత 24 గంటలు గడవాలి. చివరి సూది ఎప్పుడు వేశారో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఈ మందు పంది నుంచి తీస్తారని విన్నాం. మేము వాడొచ్చా?

విన్నది నిజమే, పంది పేగుల నుంచి తీసిన హెపారిన్‌తోనే తయారుచేస్తారు. కర్నూలు, కడపల్లోని ముస్లిం కుటుంబాలు, పూర్తి శాకాహారులు ఇది అడగడంలో తప్పేమీ లేదు, దాచిపెట్టి సూదులు మానేయడమే ప్రమాదం. ప్రాణం కాపాడటానికి వేరే దారి లేనప్పుడు వాడుకోవచ్చని చాలామంది ఇస్లాం పండితులు చెబుతారు. ఫోండాపారినక్స్ అనే మందు జంతువుల నుంచి తీసేది కాదు, కానీ గర్భంలో దాని వాడకం అనుభవం తక్కువ. డాక్టరుతో మనసు విప్పి మాట్లాడండి.

ఇంజెక్షన్ బదులు ఆస్పిరిన్ చాలదా?

చాలదు. గర్భంలో ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరిన్ ఎక్కువగా బీపీ సమస్య రాకుండా ఉండటానికి. అది సిరల్లో గడ్డకు హెపారిన్ చేసే పని చేయదు.

మందు వాడుతూ బిడ్డకు పాలివ్వచ్చా?

హెపారిన్ సూది, గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర, రెండిటితోనూ ఇవ్వచ్చు. వార్ఫరిన్ గర్భంలో మాత్రం బిడ్డకు హాని చేస్తుంది, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య. గుండె కవాటం మార్పించుకుని ఆ మాత్ర వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపకుండా, గర్భం అనుకున్నప్పుడే గుండె డాక్టరును కలవాలి. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటి కొత్త మాత్రలు గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ వద్దంటారు.

బెంగళూరులో ఉంటున్నాం. పురిటికి అనంతపురం రావచ్చా?

రావచ్చు. నాలుగు గంటలు దాటే ప్రయాణంలో ప్రమాదం కొంత పెరుగుతుంది కాబట్టి కారయితే మధ్యలో ఆపి దిగి నడవండి, బస్సయితే ఆగిన ప్రతిచోటా దిగండి. బాత్రూమ్ దొరకదని నీళ్ళు మానేస్తారు చాలామంది. అలా చేయొద్దు. ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్ళు ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి.

కాన్పయ్యాక మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వేసుకోవచ్చా?

వెంటనే వద్దు. వాటిలో ఈస్ట్రోజెన్ ఉంది, అది గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పాలివ్వని తల్లులు కూడా కనీసం మూడు వారాలు, ప్రమాద కారణాలు ఉంటే ఆరు వారాలు ఆగాలి. పాలిచ్చే తల్లులు ఆరు నెలల దాకా వేరే పద్ధతి చూసుకోవడం మంచిది. ఒకసారి గడ్డ కట్టినవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రల జోలికి ఎప్పటికీ వెళ్ళకూడదు. కాపర్-టీకి ఈ ఇబ్బంది లేదు.

ఒకసారి గడ్డ కట్టింది. మళ్ళీ బిడ్డను కనవచ్చా?

చాలామంది కంటారు. నెల తప్పిందని తెలిసిన వారంలోనే, ఐదో నెల స్కాన్ దాకా ఆగకుండా, పాత డాప్లర్ రిపోర్టు, మందుల చీటీ తీసుకుని వెళ్ళండి. ఎక్కువమందికి మొదటి నెలల నుంచే నివారణ సూదులు మొదలుపెట్టి కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఇస్తారు. కాన్పు ఎక్కడ జరగాలో ఏడో నెలలోపే తేల్చుకోండి. డాప్లర్, రక్తనిధి, మత్తు డాక్టరు ఉన్న చోటయితే మంచిది.